టర్కీ ఎన్నింటికి?

మధ్యాహ్నం ఒంటిగంటకా, రాజుగారి ప్రసంగం అయ్యాకా, చీకటి పడ్డాకా? డిసెంబరు 25న బ్రిటన్ ఇళ్లలో ఏటా నడిచే పంచాయితీ ఇది.

క్రిస్మస్ సంచికకి ముఖచిత్ర కథనం కావాలి, సోమవారానికల్లా పేజీలు ప్రెస్సుకి వెళ్లిపోవాలి అని ఎడిటర్‌గారు చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్నవి ఫొటోలు: కేకు, కొవ్వొత్తులు, బల్ల మధ్యలో ఎర్రగా కాలిన టర్కీ కోడి. ‘దేశదేశాల క్రిస్మస్ వంటలు’ అని శీర్షిక కూడా ఆయనే పెట్టేశారు. రాద్దామనే కూర్చున్నాను. తీరా చూస్తే, బ్రిటిష్ వాళ్లకి ఆ రోజు ఏం వండాలన్న దాని మీద పెద్ద పేచీ లేదు. టర్కీ, ఓవెన్లో కాల్చిన బంగాళాదుంపలు, గ్రేవీ, సగంమంది తినకపోయినా ప్రతి ఇంటా ఉండి తీరాల్సిన బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, ఆఖర్న ప్లమ్ పుడింగ్. జాబితా ఎప్పుడో ఖరారైపోయింది. గొడవంతా ఎన్నింటికి తినాలన్న దగ్గరే. ఇక నేను అటే వెళ్లిపోయాను. ఎడిటర్‌గారి శీర్షిక వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

ముందు ఎవరి వాదన ఏమిటో చూద్దాం.

ఒంటిగంట పక్షంలో తాతయ్యలు, అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లిదండ్రులు ఉంటారు. వాళ్ల వాదనకి ఆకాశం సాక్ష్యం. డిసెంబరు 25న లండన్‌లో సూర్యుడు నాలుగు కాకుండానే అస్తమిస్తాడు. తిన్నాక నాలుగడుగులు నడిచి రావాలంటే, పిల్లలు కొత్త సైకిలు తొక్కాలంటే ఒంటిగంటకి బల్ల దగ్గర కూర్చోక తప్పదు. పొద్దు పోయాక ఆ చలిలో బయటికి కదిలేదెవరు? మందుల వేళలు, పిల్లల నిద్ర వేళలు కూడా ఈ పక్షానికే మద్దతు.

రెండో పక్షం మూడింటి చుట్టూ తిరుగుతుంది. మూడింటికి టీవీలో రాజుగారి క్రిస్మస్ సందేశం వస్తుంది. అప్పటికి తినడం పూర్తికావాలని కొందరు, అది చూశాకే కూర్చుందామని కొందరు. ఒకే పక్షంలో రెండు ముఠాలన్నమాట. రాచరికం మీద ఏ అభిమానమూ లేని ఇళ్లలో కూడా గడియారపు మేకు మాత్రం ఈ మూడింటి మీదే దిగింది.

మూడోది సాయంత్రం పక్షం. పొద్దెక్కేదాకా పడుకునే కుర్రకారు, డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా పెళ్లయిన జంటలు. ఆమె పుట్టింట్లో ఒంటిగంటకి వడ్డన, అతని తల్లి అయిదింటికి పెడుతుంది. ఆ రోజు లండన్‌లో మెట్రో నడవదు, సిటీ బస్సులు తిరగవు, దేశంలో రైళ్లు ఆగిపోతాయి. కారుండాలి, నడిపేవాడు వైన్ ముట్టకూడదు, రెండిళ్లలోనూ కడుపునిండా తినాలి. బీబీసీలో ‘ది వికార్ ఆఫ్ డిబ్లీ’ అనే హాస్య ధారావాహిక 1996 క్రిస్మస్ రోజున ప్రసారం చేసిన భాగమంతా ఈ ఇబ్బంది మీదే. ఊరి చర్చి ఫాదరీ అయిన ఆవిడ ఎవరి పిలుపూ కాదనలేక వరసపెట్టి ఇంటింటా క్రిస్మస్ భోజనం చేసి, ఆఖరికి కదలలేని స్థితికి వస్తుంది. డాన్ ఫ్రెంచ్ నటించిన ఆ భాగం బ్రిటిష్ వాళ్లకి ఇప్పటికీ నవ్వుల పంటే. అల్లుళ్లు మాత్రం అంతగా నవ్వరేమో.

ఈ మూడు పక్షాల్లోనూ గట్టిగా మాట్లాడేవాళ్లు సాధారణంగా వంటింట్లో ఉండరు. ఈ అనుమానంతోనే మిగతాదంతా చదివాను. మీరూ అలాగే చదవండి.

మూడింటి పుట్టుక

ఇంత తగువుకి మూలమైన ఆ మూడింటిని ఎవరు నిర్ణయించారు? రాజు నిర్ణయించలేదు, మతగురువూ నిర్ణయించలేదు. రేడియో ఇంజినీరింగ్ నిర్ణయించింది.

బీబీసీ అధినేత జాన్ రీత్‌కి రాజు అయిదో జార్జితో రేడియోలో మాట్లాడించాలని 1920ల మొదట్నుంచీ కోరిక. రాజుకి ఇష్టం లేదు. 1932 డిసెంబరు 19న బీబీసీ సామ్రాజ్యమంతటా వినపడే షార్ట్‌వేవ్ ప్రసారాలు మొదలుపెట్టింది. వారం తిరక్కుండా, క్రిస్మస్ రోజున, నార్ఫోక్‌లోని శాండ్రింగ్‌హామ్ భవనంలో ఓ చిన్న గదిలోంచి రాజు ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడాడు. రాసిచ్చింది రడ్యార్డ్ కిప్లింగ్. కాగితాల గలగల మైకుకి వినపడకుండా బల్ల మీద మందపాటి గుడ్డ పరిచారు. అంతా కలిపి కొద్ది నిమిషాల పని.

వేళ ఎంచడానికి కారణం సాంకేతికం. బ్రిటన్ ట్రాన్స్‌మిటర్ల నుంచి సామ్రాజ్యంలోని ఎక్కువ దేశాలకి షార్ట్‌వేవ్ బాగా అందే సమయం మధ్యాహ్నం మూడు. కెనడా పడమటి తీరంలో అప్పుడు తెల్లవారి ఏడు. మనకి రాత్రి ఎనిమిదిన్నర. సిడ్నీలో అప్పటికి తేదీ మారి 26 అర్ధరాత్రి దాటి ఒంటిగంట. అలా ఖండాలన్నిటికీ సర్దిచెప్పి తేల్చిన అంకె వచ్చి బ్రిటన్ వంటింటి గడియారం మీద కూర్చుంది. ఇంకా లేవలేదు.

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇప్పుడు వస్తుంది. దేశానికి మూడు గంటలన్న వేళ ఇచ్చిన ఆ రాజు ఇంట్లో గడియారాలు అప్పుడు మూడున్నర చూపిస్తున్నాయి!

శాండ్రింగ్‌హామ్‌కి సొంత కాలమానం ఉండేది. అయిదో జార్జి తండ్రి ఏడో ఎడ్వర్డుకి వేట పిచ్చి. చలికాలంలో పగలు పొట్టి. అందుకని ఎస్టేటులోని గడియారాలన్నిటినీ గ్రీనిచ్ సమయం కన్నా అరగంట ముందుకి తిప్పించాడు. ఏమిటి లాభమంటారా? అందరూ అరగంట ముందే లేస్తారు, అరగంట వెలుగు కలిసొస్తుంది. ఆయన భార్య అలెగ్జాండ్రా ఎక్కడికైనా ఆలస్యంగా రావడంలో పేరుపడ్డ మనిషి. గడియారాలు ముందుకి తిప్పింది ఆవిడ కోసమేనని కూడా చెప్పుకుంటారు. వేట కథ కన్నా ఇదే నిజమైతే బాగుండునని నాకుంది, కానీ వేటే అసలు కారణమన్నది ఎక్కువమంది మాట.

తండ్రి పోయాక అయిదో జార్జి ఆ ఏర్పాటుని అలాగే ఉంచాడు. ఆ ఇంటికి వచ్చే అతిథి పరిస్థితి ఊహించండి. జేబు గడియారం ఒంటిగంట అంటుంది, గోడ గడియారం ఒంటిగంటన్నర అంటుంది, భోజనాల గంట దేన్ని బట్టి కొడతారో తెలుసుకుని మెలగాలి. 1936 జనవరిలో అయిదో జార్జి కన్నుమూశాక, కొత్త రాజు ఎనిమిదో ఎడ్వర్డు చేసిన తొలి పనుల్లో ఒకటి ఆ గడియారాలని గ్రీనిచ్ సమయానికి తిప్పించడం. తండ్రీకొడుకులకి పొసగలేదని లోకానికంతా తెలుసు. ఆ తగాదాలో గడియారాలకీ వాటా ఉందన్నమాట. అదే ఏడాది డిసెంబరులో ఆయన సింహాసనం వదిలేసి పోయాడు. ఆ క్రిస్మస్‌కి రాజ సందేశమే లేదు.

తర్వాత రాజైన ఆరో జార్జికి మాట తడబడేది. మైకు అంటే భయం. ఆయనకి మాట సాయం చేసిన ఆస్ట్రేలియన్ లయొనెల్ లోగ్, క్రిస్మస్ ప్రసంగాల సమయానికి తన ఇల్లు వదిలి రాజు పక్కనుండేవాడు. 1944లో తొలిసారి లోగ్ పక్కన లేకుండానే రాజు ప్రసంగం చేశాడు. లోగ్ తన ఇంట్లో తనవాళ్లతో కూర్చుని రేడియోలో విన్నాడు. రాజు మూడింటికి మాట్లాడాలంటే, అన్నేళ్లపాటు ఇంకొకరి ఇంట్లో క్రిస్మస్ సర్దుకోవాల్సి వచ్చింది.

1957లో ఎలిజబెత్ రాణి సందేశం తొలిసారి టీవీలో కనిపించింది, అదీ ప్రత్యక్ష ప్రసారమే. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ముందుగా రికార్డు చేయడం మొదలైంది, కామన్వెల్తు దేశాలకి టేపులు సకాలంలో పంపడానికి. దాంతో రాణీగారి భోజనం నిశ్చింతగా సాగింది. ప్రజల భోజనం మాత్రం మూడింటికి కట్టేసినట్టే ఉండిపోయింది. 1969లో రాణి టీవీలో మాట్లాడకుండా రాతపూర్వక సందేశంతో సరిపెట్టారు. ఆ ఒక్క ఏడాది ఇళ్లలో ఎన్నింటికి తిన్నారో ఎవరైనా రాసి ఉంటే చదవాలని ఉంది. ఇప్పుడు ఆ సందేశాన్ని ఇంటర్నెట్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు. అయినా మూడింటి పక్షం తగ్గలేదు.

[బాక్స్] ఓవెన్ లెక్క

టర్కీ వంట పెళ్లి ముహూర్తం లాంటిది, వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి. ఇంటికి ఆరు కిలోల గడ్డకట్టిన టర్కీ వచ్చిందనుకుందాం. బ్రిటన్‌లో చెప్పే ఆహార భద్రత సూచన ప్రకారం ఫ్రిజ్‌లో మంచు కరగడానికి కిలోకి 10 నుంచి 12 గంటలు. అంటే 60 నుంచి 72 గంటలు. 25 ఉదయం ఎనిమిదికి సిద్ధంగా ఉండాలంటే 22 ఉదయమే డీప్ ఫ్రీజర్‌లోంచి తీయాలి. ఈ సైజుకి 180 డిగ్రీల వేడిలో కిలోకి సుమారు 40 నిమిషాలు, మొత్తం నాలుగు గంటలు. దించాక కోసే ముందు కనీసం అరగంట ఊరుకోవాలి, లేకపోతే రసమంతా కారిపోయి ముక్క ఎండిపోతుంది. ఆ అరగంటలోనే ఖాళీ అయిన ఓవెన్లోకి దుంపలు. ఒంటిగంటకి వడ్డన అంటే ఎనిమిది దాటేసరికి టర్కీ లోపల ఉండాలి.

ఇప్పుడు పదకొండింటికి ఎవరో ఫోను చేసి ‘మేం రావడానికి మూడవుతుందేమో’ అన్నారనుకోండి. టర్కీని వెనక్కి తిప్పలేం. దేశమంతా ఇదే పని మీద ఉంటుందనడానికి కరెంటు గ్రాఫే సాక్షి. మామూలు చలికాలపు రోజున బ్రిటన్‌లో విద్యుత్ వాడకం సాయంత్రం శిఖరానికి చేరుతుంది. క్రిస్మస్ రోజున ఆ శిఖరం మధ్యాహ్నం భోజనాల వేళకి జరిగిపోతుంది.

పెప్స్‌గారి భార్య తెల్లవారుజాము

పాత క్రిస్మస్ భోజనాల కోసం వెతుకుతూ సామ్యూల్ పెప్స్ డైరీ తెరిచాను. నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి. 1660 నుంచి 1669 దాకా పొట్టిలిపిలో తన రోజులన్నీ రాసిపెట్టాడు. దాచుకున్నదేమీ లేదు, తన లోపాలతో సహా. ఆ డైరీ ఇప్పుడు కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కాలేజీలో ఉంది.

1666 డిసెంబరు 25. లండన్ సగం తగలబడిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ రోజు పెప్స్ చాలాసేపు మంచం దిగలేదు. లేచేటప్పుడు భార్య ఎలిజబెత్‌ని పడుకోనిచ్చాడు. కారణం కూడా రాశాడు: పనిపిల్లలు మిన్స్ పైలు చేస్తుంటే దగ్గరుండి చేయించడానికి ఆమె తెల్లవారుజాము నాలుగింటిదాకా మేలుకుంది. ఆయన చర్చికి వెళ్లొచ్చాడు. కాల్చిన గొడ్డు మాంసపు పక్కటెముకలు, ఆ మిన్స్ పైలు, సొంత సారాయి గదిలోని వైన్‌తో తృప్తిగా భోంచేశాడు. దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. భార్యకి తను కట్టిన పాట నేర్పాడు. నాటకం చూద్దామని ఒక్కడే నడిచి వెళ్లి, ఆ రోజు ఆట లేదని తెలిసి తిరిగొచ్చాడు. తర్వాత తమ్ముడితో కలిసి తన పుస్తకాల పేర్లన్నీ అక్షరక్రమంలో పేర్చుతూ రాత్రి ఏడో ఎనిమిదో చేశాడు.

ఎంతో సూక్ష్మంగా రాసే మనిషి, ఆ రోజు ఎన్నింటికి భోంచేశాడో రాయలేదు. ఆ కాలంలో భోజనం నడిమధ్యాహ్నమే కాబట్టి రాయాల్సిన పని కూడా లేదనుకుని ఉంటాడు. ఆ రోజు రాతలో ఉన్న గడియారపు వేళలు రెండే. ఆయన పుస్తకాలు సర్దుకున్న వేళ ఒకటి, భార్య వంటింట్లోంచి బయటపడ్డ వేళ ఒకటి.

అంతకు నాలుగేళ్ల ముందు, 1662 క్రిస్మస్‌కి ఆమెకి ఒంట్లో బాగోలేదు. ఆ ఉదయం ఆయన వైట్‌హాల్ చర్చిలో ప్రభు సంస్కారం తీసుకోవాలని వెళ్లి కాస్త ఆలస్యమై అవకాశం పోగొట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఆమె మంచం పక్కనే కూర్చుని ప్లమ్ జావ, కాల్చిన కోడిపెట్ట తిన్నాడు. మిన్స్ పై మాత్రం బయట్నుంచి తెప్పించాడు, ఆమె చేసే స్థితిలో లేదు కాబట్టి. 1668 క్రిస్మస్‌కి ఆమె రాత్రి పదింటిదాకా ఒక లంగా సవరిస్తూ, దానికి లేసు కుడుతూ కూర్చుంటే, ఆయన పక్కన కూర్చుని కుర్రాడి చేత జూలియస్ సీజర్ చరిత్ర చదివించుకున్నాడు. మరుసటి ఏడాది నవంబరులో ఎలిజబెత్ 29 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమె డైరీ రాసి ఉంటే క్రిస్మస్ భోజనం ఎన్నింటికన్నది మనకి కచ్చితంగా తెలిసేది.

చరిత్ర గురించి ఒక్క పేరా, స్థలం లేదు కనుక గబగబా. మధ్యయుగాల్లో పెద్ద భోజనం మిట్టమధ్యాహ్నం లోపే. 1647లో పార్లమెంటు క్రిస్మస్ పండగనే రద్దు చేసింది కనుక కొన్నేళ్లపాటు ఈ తగువుకి సెలవు. రాచరికంతోపాటు పండగా తిరిగొచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో కలవారి భోజనం మూడుకీ నాలుగుకీ, ఆపైకీ జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో ఆఫీసు వేళలు, గ్యాసు దీపాలు దాన్ని రాత్రికి తోసేశాయి. శ్రమజీవుల ఇళ్లలో మధ్యాహ్నమే నిలిచింది. పండగరోజున రెండు అలవాట్లూ ఒకే బల్ల దగ్గర ఢీకొన్నాయి.

పేదింట్లో ఆ వేళ ఎవరి చేతిలో ఉండేదో తెలియాలంటే 1843లో డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ చూడాలి. అందులో పేద గుమాస్తా క్రాచిట్‌ల ఇంట్లో పెద్దబాతు కాల్చేంత ఓవెన్ లేదు. అది వీధిలోని బేకరీవాడి పొయ్యిలో కాలుతుంది, పిల్లలు పరుగున వెళ్లి తెచ్చుకుంటారు. లండన్ పేదలకి అది మామూలే. ఆదివారాలు, క్రిస్మస్ రోజున బేకరీవాళ్లు రొట్టె కాల్చి అమ్మకూడదు. ఆ వేడి పొయ్యిల్లో జనం తమ మాంసం పెట్టుకునేవారు. సర్ ఆండ్రూ ఆగ్న్యూ అనే పార్లమెంటు సభ్యుడు ఆదివారం పవిత్రత పేరుతో ఇలాంటివన్నీ మూయించే బిల్లులు తెస్తే, డికెన్స్ 1836లో ఒక చిన్న పుస్తకమే రాసి ఎదిరించాడు. ఏడేళ్ల తర్వాత ‘క్రిస్మస్ కేరల్’లో పిసినారి స్క్రూజ్ చేత, క్రిస్మస్ ఆత్మని అదే విషయం మీద నిలదీయించాడు.

అదే పుస్తకంలో నాకొక అభ్యంతరం ఉంది. మారిన మనసుతో స్క్రూజ్ పండగ పొద్దున్నే కొట్లో వేలాడే అతి పెద్ద టర్కీని కొని క్రాచిట్‌ల ఇంటికి బండిలో పంపిస్తాడు. లోకమంతా కళ్లు తుడుచుకునే ఘట్టమే. కానీ పైనున్న ఓవెన్ లెక్క చదివారు కదా. అంత పక్షి, ఆ వేళప్పుడు, ఓవెన్ లేని ఇంటికి! శ్రీమతి క్రాచిట్ దాన్ని ఎప్పుడు వడ్డించిందో డికెన్స్ చెప్పలేదు.

[బాక్స్] తగువు లేని చోట్లు

పోలెండులో అసలు విందు 24 సాయంత్రం. ఆకాశంలో తొలి చుక్క పొడిస్తే కూర్చుంటారు. చుక్క కోసం కిటికీ దగ్గర కాపలా పిల్లలది. మాంసం లేకుండా, సంప్రదాయంగా పన్నెండు రకాలు. స్వీడన్‌లో విందు 24నే. అక్కడా మూడు గంటలే, కానీ రాజు కోసం కాదు. డోనాల్డ్ డక్ కోసం! టీవీలో ఆరు దశాబ్దాలకు పైగా ఏటా ఆ మధ్యాహ్నం అదే పాత డిస్నీ కార్టూన్ల కార్యక్రమం వస్తుంది, తిండి దానికి ముందో తర్వాతో సర్దుకుంటారు.

మన దగ్గర క్రైస్తవుల ఇళ్లలో వేళ చర్చి చేతిలో ఉంటుంది. 1924లో సరిగ్గా క్రిస్మస్ రోజునే ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిలో తొలి ఆరాధన తెల్లవారుజామునే. కేథలిక్కులకి 24 అర్ధరాత్రి పూజ. మిగతా ఊళ్లలో పాస్టరుగారి వాక్యం ఎప్పుడు ముగిస్తే బిర్యానీ మూత అప్పుడే తీస్తారు. కాబట్టి వేళ మీద తగువు తక్కువ. ముందురోజు రాత్రి కజ్జికాయలు, గులాబీ పువ్వులు వండి, తెల్లారేసరికి మాంసం నానబెట్టి, మళ్లీ అందరికన్నా ముందు తయారై ఆరాధనకి వెళ్లే ఆడవాళ్లని అడిగితే ఎలిజబెత్ పెప్స్ కథ వాళ్లకి కొత్తగా అనిపించదు.

నా తీర్పు

కథనానికి తీర్పు ఉండాలని ఎడిటర్‌గారి నియమం. నాది ఒంటిగంట పక్షమే, వెలుతురు ఉన్నంతలో తినేసి బయటికి వెళ్లొచ్చన్న ఒక్క కారణానికి. అయితే నా ఓటుకి విలువ లేదు, నేను టర్కీ వండేవాణ్ని కాదు. 22 ఉదయం గుర్తుపెట్టుకుని డీప్ ఫ్రీజర్ తలుపు తెరిచిన మనిషి ఎన్నింటికంటే అన్నింటికి. ఒంటిగంట అంటే ఒంటిగంట, ఆరంటే ఆరు.

ఇక బ్రిటన్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట. క్రైస్తవులైనా కాకపోయినా మనవాళ్లలో చాలామంది ఆ రోజు అక్కడి స్నేహితుల ఇళ్లకో, వియ్యాలవారి ఇళ్లకో భోజనానికి వెళతారు. పండగ లేని డాక్టర్లు, నర్సులు పండగ ఉన్నవాళ్ల డ్యూటీ తీసుకుని ఆస్పత్రిలో ఉండడమూ మామూలే. అక్కడి ఒంటిగంట మనకి సాయంత్రం ఆరున్నర, అక్కడి మూడు మనకి ఎనిమిదిన్నర. ఆ రెండు గంటల్లో వీడియోకాల్ చేయకండి. చేసినా ‘ఇంకా తినలేదా?’ అని మాత్రం అడగొద్దు.